పదమూడు నెలల తేడా ఎందుకో?
సెప్టెంబరు 17కు మూడు పేర్లు.. మరుగున పడుతున్న కారణాలు

కొల్లాపూర్: జాతీయోద్యమ పాఠం 1947 ఆగస్టు 15తో ముగుస్తుంది. ఆ నాటికి కొల్లాపూర్ భారతదేశంలో లేదు. జటప్రోలు సంస్థానానికి కేంద్రమైన ఈ పట్టణాన్ని సురభి వంశీయులు ఏలుతుండేవారు. వారు నిజాంకు పేష్కష్ చెల్లించేవారు, నిజాం బ్రిటిష్ సార్వభౌమత్వానికి లోబడి ఉండేవాడు. రైతుపై మూడంచెల పెత్తనమన్నమాట. ఆంగ్లేయులు వెళ్లిపోవడంతో పై అంచె మాత్రమే తొలగింది. నిజాం 1947 నవంబరు 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం చేసుకున్నాడు. 1948 సెప్టెంబరు 13న సైనిక చర్య ప్రారంభం కాగా, 17న లొంగుబాటు ప్రకటించాడు. సంస్థానాల పాలన 1949లో జాగీర్ల రద్దుతో అంతరించింది.

రాష్ట్ర పాఠ్యపుస్తకాలలో హైదరాబాద్ సంస్థాన ఉద్యమం లేకపోలేదు. అయితే జాతీయ చరిత్రకు అనుబంధం మాదిరిగా, వేరొక పాఠంగా ఉండటంతో ఆ పదమూడు నెలల తేడాకు కారణం విద్యార్థికి బోధపడటం కష్టం. సెప్టెంబరు 17ను 2022లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినంగా, కేంద్రం హైదరాబాద్ విమోచన దినంగా జరిపాయి. 2024లో రాష్ట్రం దానినే ప్రజాపాలన దినోత్సవం చేసింది. పేరు ఎంపికపై సాగినంత చర్చ రైతాంగ సాయుధ పోరాటం, రజాకార్ల దాష్టీకం, సైనిక చర్య అనంతర హింసపై సాగలేదు. ఆ హింసలో 27 వేల నుంచి 40 వేల మంది మరణించారని అంచనా వేసిన సుందర్‌లాల్ సంఘం నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడనే లేదు. ఏ పక్షానికీ పూర్తిగా అనుకూలించని చరిత్ర కావడమే ఇందుకు కారణం కావచ్చు.

జాతీయ స్థాయిలో తీసివేతల ధోరణి దీనికి తోడైంది. ఎన్‌సీఈఆర్‌టీ 2023లో పన్నెండో తరగతి చరిత్ర పుస్తకం నుంచి మొఘల్ దర్బారు అధ్యాయాన్ని తొలగించింది. రాష్ట్ర పుస్తకాలు చదివేవారికి ఇది నేరుగా వర్తించదు. కానీ నిజాం వంశ మూలపురుషుడు దక్కనుకు మొఘల్ సుబేదారుగా వచ్చినవాడే. మొఘలులు లేకుండా నిజాంను, నిజాం లేకుండా కొల్లాపూర్‌ను వివరించడం ఏ ఉపాధ్యాయునికీ సాధ్యం కాదు.

రాజుల వరుసకు బదులు ప్రజల తిండి, బట్ట, ఆచారాలే చరిత్రగా సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రచించింది 1949లో. ఆయన ఈ పాలమూరు గడ్డవాడే. ఆ పద్ధతికి ఇక్కడ సామగ్రి కొదవ లేదు. పట్టణంలో సురభి రాజుల కోట ఉంది. శ్రీశైలం జలాశయం ముంపు నుంచి తరలించి పునర్నిర్మించిన ఆలయాలు సోమశిలలో ఉన్నాయి. కొరత మనుషులదే. 1948 నాటికి పదేళ్లున్నవారు ఇప్పుడు ఎనభై అయిదు దాటారు. వారి మాటలను విద్యార్థులు నమోదు చేయాలంటే మిగిలిన వ్యవధి స్వల్పం.