టెట్ పేపర్-2: బడిలో పాఠం ఒకటి.. పరీక్షలో బిట్టు మరొకటి! 6, 7, 8 తరగతుల చదువుకు అసలు చిక్కు ఎక్కడుంది?

చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ.. గ్రూప్స్ కోచింగ్‌కు పేరుపడ్డ ఈ గల్లీల్లో ఇంకో చదువు కూడా ఏడాది పొడవునా నడుస్తుంది. 6, 7, 8 తరగతుల ప్రభుత్వ పాఠ్యపుస్తకాల చదువు. చదివేది పిల్లలు కాదు. డిగ్రీ, బీఈడీ పూర్తి చేసి టెట్, డీఎస్సీ కోసం కూర్చున్న అభ్యర్థులు. సిటీ సెంట్రల్ లైబ్రరీ ఆవరణలో అయినా, హాస్టల్ గదిలో అయినా తీరు ఒకటే. పాఠం మొత్తం అండర్‌లైన్, పెట్టెలో ఇచ్చిన అదనపు సమాచారం అండర్‌లైన్, చివరికి బొమ్మ కింద రాసిన వాక్యం కూడా అండర్‌లైన్. ఎందుకంటే బిట్టు ఎక్కడి నుంచైనా రావొచ్చు.

అంత శ్రద్ధగా చదవడంలో తప్పేమీ లేదు. పుస్తకం తెలియకుండా టీచర్ అయ్యే కన్నా తెలిసి అవడమే మేలు. కానీ ఈ పుస్తకాలు ఏ ఉద్దేశంతో రాశారో, వాటి మీద పరీక్ష ఎలా పెడుతున్నారో పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం పొంతన కుదరదు. ఇన్నాళ్లూ ఇది నిరుద్యోగుల గొడవగానే ఉండిపోయింది. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో సర్వీసులో ఉన్న టీచర్ల మెడకూ చుట్టుకుంది.

తీర్పు సారాంశం ఇది. రిటైర్మెంట్‌కు ఐదేళ్లకు మించి సర్వీసు ఉన్న టీచర్లు రెండేళ్లలోగా టెట్ పాస్ కావాలి. కాకపోతే ఉద్యోగంలో కొనసాగడం కుదరదు. ఐదేళ్లలోపు సర్వీసు మిగిలినవాళ్లకు మినహాయింపు ఇచ్చినా, ప్రమోషన్ కావాలంటే వాళ్లకూ టెట్ తప్పదు. తీర్పు ప్రకారం గడువు 2027 ఆగస్టు నెలాఖరుతో ముగుస్తుంది. తెలంగాణలో స్కూల్ అసిస్టెంట్ పోస్టుల్లో 70 శాతం ప్రమోషన్ల ద్వారానే నింపుతారు. అంటే ప్రైమరీలో పనిచేస్తున్న ఎస్జీటీ హైస్కూల్‌కు వెళ్లాలంటే పేపర్-2 గట్టెక్కాల్సిందే. ఇరవై ఏళ్లు పాఠం చెప్పిన మేడమ్, నిన్నమొన్న బీఈడీ ముగించిన అమ్మాయి ఇప్పుడు ఒకే బిట్ బ్యాంకు కొనుక్కోవాల్సిన పరిస్థితి.

ఇంతకీ పేపర్-2లో ఏముంటుంది? మొత్తం 150 ప్రశ్నలు, 150 మార్కులు. శిశు వికాసం–పెడగాజీకి 30, మొదటి భాషకు 30, ఇంగ్లిష్‌కు 30. మిగతా 60 మార్కులకు గణితం–సైన్స్ లేదా సాంఘిక శాస్త్రం. ఆ 60లో పాఠం ఎలా చెప్పాలి అన్న బోధనా పద్ధతుల వాటా 12 మార్కులు. మిగిలిన 48 కంటెంటే. ప్రశ్నలు 6 నుంచి 8వ తరగతి అంశాల మీదే ఉంటాయి, కఠినత మాత్రం ఇంటర్ స్థాయి దాకా వెళ్లొచ్చు. ఓసీలకు 60 శాతం, బీసీలకు 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 40 శాతం వస్తే పాస్.

డీఎస్సీకి వస్తే లెక్క ఇంకా స్పష్టం. స్కూల్ అసిస్టెంట్ పరీక్ష 80 మార్కులకు. కంటెంట్ 44, మెథడాలజీ 16, విద్యా దృక్పథాలు 10, జీకే–కరెంట్ అఫైర్స్ 10. దీనికి టెట్ వెయిటేజీ 20 కలిపి 100కు మెరిట్. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు ఈ పద్ధతిలోనే భర్తీకి పెట్టారు. అందులో స్కూల్ అసిస్టెంట్ పోస్టులు 2,629. మెథడాలజీకి 16 మార్కులు ఉన్నాయి కదా అనొచ్చు. ఆ మెథడాలజీ కూడా బిట్టే. ప్రాజెక్టు పద్ధతిని ప్రతిపాదించింది ఎవరు, ఫలానా నిర్వచనం ఎవరిది.. ఇలాంటివే ఎక్కువ. ప్రాజెక్టు పని చేయించడం తెలుసా అన్నది వేరే సంగతి. దాన్ని ఎవరూ అడగరు.

ఇక పుస్తకం వైపు చూద్దాం. ఇప్పటి తెలంగాణ పాఠ్యపుస్తకాలకు పునాది ఉమ్మడి రాష్ట్రంలో తయారైన 2011 పాఠ్యప్రణాళిక చట్రం. దాని ప్రకారం 6, 7 తరగతుల కొత్త పుస్తకాలు 2012లో, 8వ తరగతివి 2013లో వచ్చాయి. రాష్ట్రం వచ్చాక చరిత్ర, సంస్కృతి పాఠాలు మారాయి కానీ పుస్తకం నిర్మాణం చాలావరకు అదే. బట్టీ తగ్గాలి, పిల్లలు అడగాలి, చూడాలి, పోల్చాలి అన్నది ఆ చట్రం ఉద్దేశం. సాంఘిక శాస్త్రంలో విద్యా ప్రమాణాలు అని ఆరు పెట్టారు. విషయావగాహన వాటిలో ఒకటి మాత్రమే. చదివి వ్యాఖ్యానించడం, సమాచార నైపుణ్యాలు, సమకాలీన అంశాలపై స్పందించి ప్రశ్నించడం, పట నైపుణ్యాలు, ప్రశంస–సున్నితత్వం.. ఇవి మిగతా ఐదు. రాతతో పాటు ప్రాజెక్టు పనికీ మార్కులుండే నిర్మాణాత్మక మూల్యాంకనం వచ్చింది అందుకే.

ఒక పాఠం తీసుకుంటే తేడా తెలుస్తుంది. ఏడో తరగతి సాంఘిక శాస్త్రంలో చెరువులు, భూగర్భ జలాల పాఠం ఉంది. అశోక్‌నగర్ నుంచి బాగ్ అంబర్‌పేట పెద్ద దూరమేమీ కాదు. అక్కడి బతుకమ్మ కుంట ఏళ్ల తరబడి మట్టి, చెత్తతో పూడిపోయి, కబ్జాల వివాదాల్లో, కోర్టు కేసుల్లో నలిగింది. 2025లో హైడ్రా తవ్వకం మొదలుపెడితే కొద్ది లోతులోనే నీళ్లు ఉబికి వచ్చాయి. దాదాపు ఐదెకరాల్లో కుంటను బాగుచేసి ఆ సెప్టెంబర్ చివర్లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి చేతుల మీదుగా ప్రారంభించారు. బతుకమ్మ పండుగ అక్కడే ఆడారు.

అంబర్‌పేటలోని ఏ బడిలోనైనా ఏడో తరగతి టీచర్‌కు ఇంతకన్నా పాఠం ఏం కావాలి? పైన ఇళ్లు, రోడ్లు పడ్డా కింద నీళ్లు ఎలా మిగిలాయి? చుట్టుపక్కల బోర్లలో నీటి మట్టం మారిందా? పాత పటంలో కుంట ఎంత, ఇప్పటి పటంలో ఎంత? కుంట పోతే వానాకాలం ఎవరి ఇంట్లోకి నీళ్లొచ్చాయి? ఇంట్లో నానమ్మను అడిగి రమ్మంటే సగం జవాబు వచ్చేస్తుంది. పట నైపుణ్యం, సమాచార సేకరణ, సమకాలీన అంశం.. ఆరు ప్రమాణాల్లో నాలుగు ఒక్క కుంట దగ్గరే తీరిపోతాయి. కాకపోతే ఇది పుస్తకంలో రాసి ఉండదు. టీచరే కట్టుకోవాలి. రెండు పీరియడ్లలో ఏం చేయాలి, బయటికి తీసుకెళ్లాలా, తరగతిలోనే పటంతో సరిపెట్టాలా, కబ్జా మాట వస్తే ఎంతవరకు మాట్లాడాలి అన్నది ముందే ఆలోచించుకోవాలి. పాఠం డిజైన్ చేయడమంటే అదే.

అదే పాఠం పరీక్షలో ఎలా వస్తుంది? ఫలానా చెరువు తవ్వించిన రాజు ఎవరు, భూగర్భ జలాలు నిల్వ ఉండే పొరను ఏమంటారు, కింది వాటిలో సరికాని జత ఏది. నాలుగు ఆప్షన్లు, ఒక జవాబు. ఈ రెండు రకాల పనికీ కావాల్సిన బుర్ర వేరు. ఒకదాంట్లో మొదటి ర్యాంకు వచ్చినవాళ్లు రెండోదాంట్లోనూ ముందుంటారని గ్యారంటీ లేదు. ఉండరనీ చెప్పలేం. అసలు చూసేవాళ్లే లేరు.

పరీక్ష పెట్టేవాళ్లే బడి రూపాన్ని తేలుస్తారన్నది నారాయణగూడకు కొత్త విషయం కాదు. 1928లో మాడపాటి హనుమంతరావు ఇక్కడ తెలుగు మీడియంలో ఆడపిల్లల కోసం హైస్కూల్ నడపాలనుకున్నప్పుడు, ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో గుర్తింపే పెద్ద సమస్య అయింది. చివరికి కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం పరీక్షల దారి పట్టారు. తాము చెప్పాలనుకున్న చదువుకు తగ్గ పరీక్షను వెతుక్కున్నారన్నమాట. ఇప్పుడు జరుగుతున్నది దానికి ఉల్టా.

ఆరో తరగతి గదిలో టీచర్‌కు ఎదురయ్యే సమస్యలు వేరేగా ఉంటాయి. ఐదు దాకా పరిసరాల విజ్ఞానం చదివిన పిల్లాడికి ఒక్కసారిగా సామాన్య శాస్త్రం, సాంఘిక శాస్త్రం వేరువేరుగా వస్తాయి. హిందీ కొత్తగా మొదలవుతుంది. ఎనిమిదికి వచ్చేసరికి సైన్స్ మళ్లీ రెండుగా చీలుతుంది. 2022–23 నుంచి 1–8 తరగతుల్లో ఇంగ్లిష్ మీడియం పెట్టి, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌తో పుస్తకాలు ఇచ్చారు. ఏ పేజీ నుంచి మొదలుపెట్టాలి, ఎప్పుడు అటు నుంచి ఇటు దాటించాలి అన్నది రోజువారీ నిర్ణయం. దీనికి తోడు భాగహారం రాకుండానే ఆరుకు వచ్చే పిల్లలు. ప్రైమరీలో తొలిమెట్టు తర్వాత హైస్కూల్ తరగతులకు ఉన్నతి కార్యక్రమం తెచ్చింది అలాంటి వాళ్లు ఉన్నారనే. ఒకే గదిలో మూడు స్థాయుల పిల్లల్ని పెట్టుకుని ఒకే పాఠం ఎలా నడపాలో టెట్ అడగదు. శిశు వికాసం విభాగంలో సందర్భం ఇచ్చి అడిగే ప్రశ్నలు కొన్ని వస్తున్న మాట నిజమే. కానీ అవి సబ్జెక్టుకు అతుక్కోవు.

మరి పరిష్కారం ఏంటి? డెమో క్లాసు, ఇంటర్వ్యూ పెట్టాలన్నది ఒక వాదన. 2020 జాతీయ విద్యా విధానం ఆ మాటే అంటోంది. టీచర్ల ఎంపికలో తరగతి గది డెమో లేదా ఇంటర్వ్యూ భాగం కావాలని రాసింది. వినడానికి బాగుంది. తెలుగు రాష్ట్రాల్లో మాత్రం దీనికి నిరుద్యోగులు ఒప్పుకోవడం కష్టం, దానికి కారణం కూడా ఉంది. ఇంటర్వ్యూ అంటే సిఫారసు, పైరవీ, డబ్బు అన్న భయం ఊరికే పుట్టలేదు. అమ్మానాన్న కూలి పనిచేసి పంపిన డబ్బుతో అశోక్‌నగర్‌లో గది అద్దె కడుతున్న అభ్యర్థికి, పేరు అడగని కంప్యూటర్ పరీక్షే న్యాయంగా కనిపిస్తుంది. ఆ నమ్మకాన్ని చెడగొట్టి తెచ్చే సంస్కరణ ఏదైనా కోర్టు మెట్ల దగ్గరే ఆగిపోతుంది.

అయితే డెమో లేకుండానే, ఇప్పుడున్న ఆబ్జెక్టివ్ పరీక్షలోనే మార్చుకోగలిగింది చాలా ఉంది. ప్రశ్న మారితే చాలు. ఉదాహరణకు భిన్నాల సంకలనం. ఒక పాప 1/3 + 1/4 = 2/7 అని రాసింది. జవాబు 7/12 అని అభ్యర్థికి తెలుసా లేదా అన్నది ఇప్పటి ప్రశ్న. పాప ఎలా ఆలోచించి 2/7 రాసింది? అలాగే చేస్తే 1/2 + 1/2కు ఏం రాస్తుంది? తప్పు ఆ పాపకే తెలిసేలా ముందుగా ఏ లెక్క ఇవ్వాలి? ఈ మూడింటినీ నాలుగేసి ఆప్షన్లతో అడగొచ్చు. 1/2 + 1/2కు 2/4 అని రాస్తే, అంటే రెండు సగాలు కలిపితే మళ్లీ సగమే వచ్చిందని చూపిస్తే, పాప తనంతట తానే ఆగిపోతుంది. అది తెలిసిన టీచర్‌నూ, తెలియని టీచర్‌నూ కంప్యూటరే విడదీయగలదు. 0.35 పెద్దదా 0.5 పెద్దదా అంటే 35 చూసి మొదటిదే పెద్దదనే పిల్లలు ప్రతి ఆరో తరగతిలో ఉంటారు. వాళ్ల గురించి అడిగే ప్రశ్నకు బిట్ బ్యాంకులో జవాబు బట్టీ పట్టడం అంత తేలిక కాదు. బట్టీ పట్టినా నష్టం లేదు, రేపు తరగతిలో అదే పనికొస్తుంది.

కోచింగ్ సెంటర్లు దీన్ని కూడా మెటీరియల్‌గా మార్చేస్తాయి కదా అనే సందేహం రావొచ్చు. మార్చనీ. పిల్లల తప్పుల మీద, పటం చదివించడం మీద, రెండు భాషల పేజీల మీద అశోక్‌నగర్‌లో మెటీరియల్ వస్తే ఎవరికి నష్టం? ఇప్పుడు రెండేళ్ల బీఈడీలో 20 వారాల ఇంటర్న్‌షిప్ ఉంది. చాలా కాలేజీల్లో అది రికార్డులు రాయడంతోనే అయిపోతుందన్న విమర్శ ఎప్పటినుంచో ఉంది. ఎంపిక పరీక్షలో దాని అవసరం పడితే, ఆ 20 వారాలను అభ్యర్థులే సీరియస్‌గా తీసుకుంటారు.

సర్వీసు టీచర్ల విషయంలో ఇంకో చిక్కుముడి ఉంది. తెలుగు, హిందీ పండిట్లు కూడా పేపర్-2లో ఆ 60 మార్కులకు గణితం–సైన్స్ లేదా సాంఘిక శాస్త్రం రాయాల్సిందే. పదిహేనేళ్లుగా హిందీ వ్యాకరణం చెప్పినవాళ్లు మొఘలుల పాలన మీదో, కిరణజన్య సంయోగక్రియ మీదో బిట్లు పెట్టాలి. జీవశాస్త్రం టీచర్ గణితం బిట్లతో కుస్తీ పట్టాలి. తాము చెప్పని సబ్జెక్టులో తప్పితే ఉద్యోగమే పోతుందంటే భయపడటం సహజం. ఆ భయం ఎటు నెడుతుందంటే, ఆదివారం కోచింగ్‌కు, సెలవు పెట్టి చదువుకోవడానికి. ఆ లోటు పడేది మళ్లీ ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లల పీరియడ్ల మీదే. సబ్జెక్టు వారీగా పేపర్ ఇవ్వాలన్న ఉపాధ్యాయ సంఘాల డిమాండ్‌లో న్యాయం ఉంది. తాము చెప్పే సబ్జెక్టులోనే లోతుగా పరీక్షిస్తే తప్పించుకోవడం కూడా కుదరదు.

టెట్ ఏటా రెండుసార్లు పెడతామని తెలంగాణ ప్రభుత్వం 2024లోనే ప్రకటించింది. గడువులోగా మిగిలిన నోటిఫికేషన్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బోధనా పద్ధతులకు 12 మార్కులు సిలబస్‌లో ఇప్పటికే ఉన్నాయి. వాటిని నిర్వచనాల నుంచి తరగతి గది ప్రశ్నలకు మార్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ప్రశ్నలు తయారుచేసేవాళ్ల పక్కన ఆరో తరగతికి పాఠం చెప్పే నలుగురు టీచర్లను, పిల్లల నోటుబుక్కులను కూర్చోబెడితే పని మొదలవుతుంది.