కంటికి కనిపించని గాయం

1999 జూలై 10న అమెరికాలోని పాసడీనాలో మహిళల ప్రపంచ కప్ ఫుట్‌బాల్ ఫైనల్ జరిగింది. అమెరికా, చైనా జట్లలో ఎవరూ గోల్ చేయలేదు. పెనాల్టీ కిక్కులతో విజేతను నిర్ణయించవలసి వచ్చింది. చైనా మూడవ కిక్కును అమెరికా గోల్‌కీపర్ బ్రయానా స్కరీ దూకి ఆపివేసింది. అమెరికా 5-4తో గెలిచింది. ఆ దృశ్యాన్ని 90,000కు పైగా ప్రేక్షకులు కళ్ళారా చూశారు.

2010లో ఒక లీగ్ ఆటలో ప్రత్యర్థి మోకాలు తలకు తగలడంతో ఆమె క్రీడాజీవితం ముగిసింది. గాయం పైకి కనిపించదు. లోపల ఎడతెగని తలనొప్పి, నిరాశ. డబ్బుకు కటకటలాడి తన రెండు ఒలింపిక్ స్వర్ణ పతకాలను తాకట్టు పెట్టింది. 2013లో శస్త్రచికిత్సతో బాధ ఉపశమించింది. పతకాలూ తిరిగి చేతికి వచ్చాయి.

కాలికి కట్టు చూసి జాలిపడే మనం, తలనొప్పి అన్నవారి మాటనూ నమ్మడం నేర్చుకోవాలి.