ఎర్రగుడి బండమీద అంతియొకు రాజు



దానియేలు గ్రంథము 11వ అధ్యాయము వచ్చేసరికి మనలో చాలామంది పుట త్రిప్పివేస్తారు. ఉత్తరదేశపు రాజు, దక్షిణదేశపు రాజు, ఒక పెండ్లి, ఆ పైన యుద్ధము. పేర్లు ఉండవు. అయితే 6వ వచనములోని ఆ ఇద్దరు రాజుల పేర్లు మన కర్నూలు జిల్లాలోనే బండమీద చెక్కి ఉన్నాయి.

గుత్తి నుండి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి ఉంది. అక్కడి గుట్టమీద అశోక చక్రవర్తి పదునాలుగు శాసనములు, వాటితోపాటు చిన్న శాసనములు బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో ఉన్నాయి. పదమూడవ శాసనము సుమారు క్రీ.పూ. 256 నాటిది. అది ఐదుగురు గ్రీకు రాజులను పేర్కొంటుంది: అంతియొకు, టాలెమీ, అంతిగొనసు, మాగాసు, అలెగ్జాండరు. ఆంధ్రుల పేరు కూడా ఆ శాసనములోనిదే. గ్రీకులను 'యోన' అన్నారు. ఆదికాండము 10:2లోని యావాను, మన 'యవన' అన్నీ ఒకే మాట. మాగాసు ఏలినది కురేనే. ప్రభువు సిలువను మోసిన సీమోను ఊరు అదే.

ఈ అంతియొకు రెండవవాడు (క్రీ.పూ. 261–246). ఇతని తాత సెలూకసు, అలెగ్జాండరు సేనానులలో ఒకడు. క్రీ.పూ. 300లో తన తండ్రి పేరిట అంతియొకయను, తన పేరిట సెలూకయ రేవును కట్టించాడు. శిష్యులకు క్రైస్తవులను పేరు మొదట వచ్చినది ఆ అంతియొకయలోనే. పౌలు, బర్నబా ఓడ ఎక్కినది ఆ సెలూకయలోనే.

మనుమడు తన భార్య లవొదికే పేరిట లవొదికయ పట్టణము కట్టించాడు. ఊరికి పెట్టిన పేరు నిలిచింది గాని కాపురము నిలువలేదు. క్రీ.పూ. 252 ప్రాంతంలో ఐగుప్తు రాజు రెండవ టాలెమీతో సంధి కోసం లవొదికేను విడిచి, టాలెమీ కుమార్తె బెరెనీకేను చేసుకొన్నాడు. ఆమె తెచ్చిన ధనము ఎంతంటే 'కట్నం మోసుకొచ్చినది' అనే పేరే ఆమెకు పడింది. క్రీ.పూ. 246లో మామ చనిపోయాడు. అల్లుడు తిరిగి లవొదికే దగ్గరకు చేరాడు, ఆ యేడే ఎఫెసులో మరణించాడు. ఆమే విషం పెట్టించిందని అప్పటివారు చెప్పుకొన్నారు. బెరెనీకేను, ఆమె పసిబిడ్డను చంపివేశారు. ఆమె తోబుట్టువు మూడవ టాలెమీ సైన్యముతో వచ్చి సెలూకయ రేవును పట్టుకొన్నాడు. ఆ పెద్దింటి పిల్లను కట్నము కాపాడలేదు, పుట్టినింటి సైన్యము వచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఇప్పుడు 6, 7 వచనములు మరల చదవండి.

మిలేతు పట్టణస్థులు ఈ అంతియొకుకు 'దేవుడు' అని బిరుదిచ్చారు. మన బండమీద మాత్రం అతడు యోనరాజే!

అశోకుడు ఇతనిని తలచుకొన్నది యుద్ధము కోసం కాదు. రెండవ శాసనములో, ఇతని రాజ్యములోను ఇరుగుపొరుగు రాజ్యములలోను మనుష్యులకు, పశువులకు వైద్యము ఏర్పాటు చేశాననీ, మూలికలు నాటించాననీ, బాటల ప్రక్కన బావులు త్రవ్వించాననీ అంటాడు. చుక్క నీటి విలువ తెలిసిన మన సీమలో ఆ మాట చెక్కి ఉండడం నాకు ముచ్చటగా తోస్తుంది.

అయితే ఒక మాట. ఈ బండ ప్రవచనమును ఋజువు చేస్తుందని ప్రసంగాలలో చెప్పవద్దు. దానియేలు పేర్లు చెప్పలేదు, వ్యాఖ్యానకర్తలు చరిత్రనుబట్టి చెప్పారు. ఆ రాజులు కట్టుకథలోనివారు కారని మాత్రం బండ చెబుతుంది. అంతే చాలు.

కడప వైపువారు రైలులో గుత్తిలో దిగి వెళ్లవచ్చు. సండేస్కూలు పిల్లలను తీసుకొని వెళ్లేవారు ఎండ ముదరకముందే గుట్ట ఎక్కండి. అక్కడి చిన్న శాసనములో ఒక వింత పిల్లలకు చూపించండి. కొన్ని వరుసలు ఎడమనుండి కుడికి, తరువాతివి కుడినుండి ఎడమకు, మడక కట్టిన ఎద్దులు సాలు చివర తిరిగినట్లు సాగుతాయి. ఇలాంటి వ్రాతకు గ్రీకులు పెట్టిన పేరుకు అర్థము కూడా 'ఎద్దు తిరిగినట్లు' అనే.

దానియేలు 11:21 నుండి కనిపించే రాజు వేరొక అంతియొకు, నాలుగవవాడు. అతనిని ఇతనితో కలపవద్దు. అతని సంగతి వచ్చే నెల చూద్దాము.