ఆ నీటిబుగ్గ ఎవరిది?

ఏలీము మీద నేను తక్కువలో తక్కువ ఇరవైసార్లు ప్రసంగించి ఉంటాను. మారాలో చేదునీళ్ళ దగ్గర సణిగిన జనం తర్వాతి మజిలీలో పన్నెండు నీటిబుగ్గల దగ్గర, డెబ్భై ఈతచెట్ల నీడలో దిగారు (నిర్గమ 15:27). శ్రమ తర్వాత సేదతీర్పు అని నేను చెబుతాను, సంఘం ఆమెన్ అంటుంది. ఆ చెట్ల కింద అంతకుముందు ఎవరైనా ఉండేవారా, ఆ బుగ్గలను శుభ్రంగా ఉంచిందెవరు అన్న ప్రశ్న ఈ ఇరవైసార్లలో ఒక్కసారీ నాకు తట్టలేదు. మొన్న ఏప్రిల్‌లో మన్ననూరులో గడిపిన ఒక రాత్రి ఆ ప్రశ్నను నా ముందుకు తెచ్చింది.

మా వనపర్తి సంఘంలోని యవ్వనస్థులు ఈసారి కూడికలు చర్చి హాల్లో వద్దు, అడవిలో పెట్టుకుందామన్నారు. చోటు చూసి రావడానికి మా సంఘపెద్ద ఒకాయన, నేను నాగర్‌కర్నూలు, అచ్చంపేట మీదుగా బయల్దేరాం. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అటవీశాఖ 2021 నుంచి సందర్శకులకు రాత్రి బస ఏర్పాటు చేసింది. కాటేజీలో పడక, పొద్దున్నే ఫర్హాబాద్ వైపు సఫారీ, దారి చూపడానికి ఒక చెంచు యువకుడు. రాత్రి తొమ్మిది దాటితే శ్రీశైలం రోడ్డు మీద వాహనాలను ఆపేస్తారు. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దం పట్టణంలో ఉండే మనకు కొత్త. నేను చాలా ఏళ్ళ తర్వాత సెల్‌ఫోన్ మాట మరచి నిద్రపోయాను. విశ్రాంతి దేవుని వరమని నమ్మేవాణ్ణి కనుక ఆ నిద్ర గురించి నాకే సిగ్గూ లేదు.

మన దగ్గర ఎడారి లేదు. అయినా పాలమూరులో పుట్టినవాడికి ఎండిన నేల గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏప్రిల్‌లో నల్లమల కూడా అలాగే ఉంటుంది. టేకు, మద్ది ఆకు రాల్చి కట్టెల్లా నిలబడతాయి. వాగుల్లో ఇసుకే మిగులుతుంది. అలాంటి చోట మా జీపు ఒక మలుపులో ఆగింది. నేలకు సమంగా సిమెంటుతో కట్టిన వెడల్పాటి పళ్ళెంలాంటి తొట్టి. సాసర్ పిట్ అంటారట. వేసవిలో అటవీ సిబ్బంది ట్యాంకర్లతోనో, సోలార్ బోర్లతోనో వాటిని నింపుతారు. అంచున ఒక దుప్పి నీళ్ళు తాగుతోంది. 42వ కీర్తన మీద ముప్పై ఏళ్ళుగా వాక్యం చెబుతున్న నేను, నీళ్ళు తాగే దుప్పిని కళ్ళారా చూడడం అదే మొదటిసారి!

"ఎండకాలం మీకు నీళ్ళెట్ల తమ్మీ?" అని మా వెంట ఉన్న యువకుణ్ణి అడిగాను.

"పెంటల బోరుంది సార్. అది ఎండితే వాగుల చెలిమ తోడుకుంటం" అన్నాడు. కాసేపాగి అతనే అడిగాడు. "మీరెన్ని దినాలుంటరు సార్?"

"రేపు పోతం."

"మమ్మల్ని గూడ గట్లనే అడుగుతుండ్రు సార్, ఎప్పుడు పోతరని." నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అతను చెప్పింది కొత్త సంగతి కాదు. అభయారణ్యం కోర్ ప్రాంతంలో ఉన్న కొన్ని చెంచుపెంటలను బయటికి తరలించే ప్రయత్నం కొన్నేళ్ళుగా సాగుతోంది. కుటుంబానికి 15 లక్షల రూపాయల ప్యాకేజీ ఉంది. కొందరు ఒప్పుకున్నారు, కొందరు వద్దంటున్నారు. 2006 నాటి అటవీహక్కుల చట్టం ప్రకారం వారి సమ్మతి లేకుండా కదల్చడానికి వీల్లేదు. పులికి మనిషి అలికిడి లేని చోటు కావాలన్న అధికారుల వాదనను నేను తేలిగ్గా తీసిపారెయ్యను. ఆ అడవిని కాపాడుతున్న ఉద్యోగుల కష్టం కూడా చూశాను. కాని ఒక్క రాత్రికి వచ్చిన మా జీపు లోపలికి పోతుంటే, తరతరాలుగా తేనె తీసుకుని, గడ్డలు తవ్వుకుని బతికినవాణ్ణి బయటికి పొమ్మనడం ఏ తూకంలో సరిపోతుందో నాకు అర్థం కాలేదు.

ఆ సాయంత్రం కాటేజీ మెట్ల మీద కూర్చుని ఆదికాండం 16వ అధ్యాయం తెరిచాను. శారయి పెట్టిన శ్రమకు తాళలేక గర్భిణి అయిన హాగరు అరణ్యానికి పారిపోయింది. షూరు దారిలో ఒక నీటిబుగ్గ దగ్గర దూత ఆమెను చూశాడు. అంతకుముందు శారయిగాని, అబ్రాముగాని ఆమెను పేరు పెట్టి పిలిచినట్టు ఆ కథలో కనబడదు. వాళ్ళ నోట ఆమె "దాసి" మాత్రమే. మొదట పేరు పెట్టి పిలిచింది ఆ దూత. తనను చూసిన దేవుణ్ణి తలచుకుని ఆమె అన్న మాటే ఆ బావికి పేరైంది, బెయేర్ లహాయిరోయి అని. ఇంతవరకు మనందరికీ తెలుసు. కొంచెం ముందుకు వెళ్ళండి. ఇస్సాకు ఆ బావి దగ్గరనుంచే వచ్చాడని ఒకచోట (ఆది 24:62), తండ్రి చనిపోయాక అక్కడే నివసించాడని మరోచోట (ఆది 25:11) కనబడుతుంది. దాసి కన్నీళ్ళతో పేరు పెట్టిన బావి దగ్గర యజమానురాలి కొడుకు కాపురమున్నాడు. ఆమె కొడుకు పారాను అరణ్యంలో పెరిగాడు. ఇస్సాకు ఆ బావిని ఎవరినుంచీ లాక్కున్నాడని బైబిలు చెప్పదు, నేనూ చెప్పను. కాని అక్కడ గుడారం వేసుకున్న ప్రతి సాయంత్రం ఆ పేరు పలికేటప్పుడు అతనికి హాగరు గుర్తొచ్చేదా?

మనకు ఎవరు గుర్తు రావాలి? గద్వాల దగ్గర మా నాయనమ్మ ఊళ్ళో, ఊరిబావి గట్టెక్కే హక్కు మావాళ్ళకు లేదు. ఎవరైనా దయతలచి పోస్తే దోసిలి పట్టాలి. మెనొనైట్ బ్రదరెన్ మిషను కాంపౌండులోని బావిలో తన చేత్తో తాను చేద వేసిన రోజు గురించి ఆమె చచ్చేదాకా చెప్పేది. నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల ప్రాంతాల్లో ఈ రోజు చర్చి బెంచీల మీద కూర్చున్న చాలామంది ఇళ్ళలో ఇలాంటి నాయనమ్మలే ఉన్నారు. నీళ్ళ దగ్గర నిలబడనివ్వకపోవడమంటే ఏమిటో మనకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 2019లో యురేనియం మాట వచ్చినప్పుడు మన పట్టణాల్లోనూ నల్లమలను కాపాడమని గొంతెత్తారు, ఆ సెప్టెంబర్‌లో శాసనసభ తీర్మానం కూడా చేసింది. అడవి కోసం లేచిన ఆ గొంతు అడవిలోని మనిషి దగ్గరకొచ్చేసరికి ఎందుకో సన్నగిల్లింది. మా సంఘమూ అందులో భాగమే.

అలా కాకుండా జరిగిన చోటు ఒకటి ఉంది. నేను చూడలేదు, చదివాను. జోర్డాన్‌లో ఫెయ్నాన్ అనే ఎడారి లోయ. ఇశ్రాయేలీయులు దిగిన పూనోను (సంఖ్యా 33:42) ఇదేనని పండితులు గుర్తిస్తారు. నాలుగో శతాబ్దం మొదట్లో రోమా చక్రవర్తులు క్రైస్తవులను శిక్షగా అక్కడి రాగి గనుల్లో పనికి పంపారని చరిత్రకారుడు యూసేబియస్ రాశాడు. మన విశ్వాసుల ఎముకలు కలిసిన నేల అది. 2005లో ప్రకృతి పరిరక్షణకు పాటుపడే ఒక జోర్డాన్ సంస్థ అక్కడ 26 గదుల బస తెరిచింది. కరెంటు సూర్యకాంతినుంచే. రాత్రి గదుల్లో వెలుగు కొవ్వొత్తులదే. పనిచేసేది, అతిథులను తీసుకొచ్చేది, రొట్టె కాల్చిపెట్టేది అక్కడి బెదూయిన్లే. వాళ్ళ గుడారాలు ఆ లోయలోనే ఉన్నాయి. జోర్డాన్ లోయలో పులుల్లేవు, నిజమే. రెండు చోట్లనూ ఒకే కొలతతో కొలవలేం. అయినా అతిథికి చోటివ్వడానికి ఇంటివాణ్ణి లేపక్కర్లేదని అక్కడ కనబడుతోంది.

యవ్వనస్థుల కూడికలు మన్ననూరులోనే పెడదామని మేమిద్దరం అనుకున్నాం. విశ్రాంతి దినపు ఆజ్ఞలో దాసదాసీలకు, పరదేశికి కూడా విశ్రాంతి ఉంది (ద్వితీ 5:14) కనుక ఒక పూట ప్రసంగం తీసేసి, పెంటల పెద్దలు ఒప్పుకుంటే వారిని పిలిచి వారి మాట వినాలని, పోవాలా ఉండాలా అన్నది మనం చెప్పకుండా వారినే చెప్పనివ్వాలని అనుకున్నాం. సువార్త చెప్పకుండా ఊరికే వినడమేమిటని సంఘంలో కొందరు అడుగుతారు. అడగనివ్వండి.

తిరుగు దారిలో అచ్చంపేటలో టీకి ఆగాం. అప్పటిదాకా పెద్దగా మాట్లాడని మా సంఘపెద్ద గ్లాసు పక్కన పెట్టి, "పాస్టరుగారూ, ఆ పిల్లగాని పేరు అడిగితిమా?" అన్నాడు.

అడగలేదు.