మెడ రక్తనాళం ఇరుకైతే: కోతా? స్టెంటా?

హఠాత్తుగా మూతి వంకరపోవడం, ఒక చేయి పట్టు తప్పడం, మాట తడబడటం, ఒక కంటికి తెర అడ్డుపడినట్లు కావడం... ఇవి కొద్ది నిమిషాల్లో సర్దుకుంటే అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకొని ఊరుకునే కుటుంబాలు ఎన్నో. కృతజ్ఞత విధియే, ఊరుకోవడమే ప్రమాదం. అది రాబోయే పక్షవాతానికి హెచ్చరిక కావచ్చు. వెంటనే ఆసుపత్రికి చేరాలి.

మెడకు ఇరువైపులా ఉన్న కెరోటిడ్ ధమనులు మెదడుకు రక్తాన్ని అందిస్తాయి. పొగాకు, రక్తపోటు, మధుమేహం వల్ల వాటిలో కొవ్వు పేరుకొని దారి ఇరుకవుతుంది. డాప్లర్ స్కానింగ్‌లో ఆ సంగతి తెలుస్తుంది. హెచ్చరిక వచ్చిన వైపు ఇరుకు 70 శాతం మించితే, మందులతో పాటు దారిని సరిచేయడం సాధారణంగా మేలు. వీలైతే రెండు వారాల్లోపే.

అందుకు రెండు మార్గాలున్నాయి. శస్త్రచికిత్సలో మెడ వద్ద కోసి, ధమనిని తెరచి కొవ్వును తొలగిస్తారు. రెండవ పద్ధతిలో తొడ మొదట్లోని లేదా మణికట్టు వద్ద ఉన్న రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి, ఇరుకైన చోట స్టెంట్ అమర్చుతారు.

“కోత లేనిదే క్షేమం” అన్న అభిప్రాయం మనలో బలంగా ఉంది. ఇది అన్నివేళలా నిజం కాదు. అమెరికా, కెనడాలలో 2502 మందిపై జరిగి 2010లో వెలువడిన క్రెస్ట్ పరిశోధనలో, చికిత్స సమయంలో పక్షవాతం స్టెంట్ పొందిన నూరుమందిలో సుమారు నలుగురికి, శస్త్రచికిత్స పొందినవారిలో ఇద్దరికి వచ్చింది. గుండెపోటు మాత్రం శస్త్రచికిత్సలోనే ఎక్కువ. సుమారు 70 ఏళ్ళు దాటినవారికి శస్త్రచికిత్స, అంతకు చిన్నవారికి స్టెంట్ కొంత మెరుగుగా కనిపించాయి. గుండె బాగా బలహీనమైనవారికి, మెడకు రేడియేషన్ పొందినవారికి వైద్యులు స్టెంట్ వైపే మొగ్గుతారు.

కనుక ఇంటి పెద్ద విషయంలో మష్వరా చేసేటప్పుడు కోతకు భయపడి కాక, వైద్యుణ్ణి అడిగి నిర్ణయించాలి: ఈ వయస్సుకు, ఈ గుండెకు ఏది తగును? మీ చేతుల మీదుగా ఇవి ఎన్ని జరిగాయి? ఎందరికి పక్షవాతం వచ్చింది?

విజయనగరం జిల్లా నెల్లిమర్లలో మిమ్స్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది; అక్కడి మన కుటుంబాలకు తొలి సలహా దూరం కాదు. అసలు చికిత్సకు విశాఖపట్నం వెళ్ళవలసి వచ్చినా, ప్రయాణానికి జంకి రోజులు గడపరాదు.

ఏ మార్గం ఎంచుకున్నా మందులు జీవితాంతం వాడాలి. స్టెంట్ తరువాత కనీసం నెలపాటు రక్తం గడ్డకట్టకుండా రెండు మందులు కలిపి ఇస్తారు. వాటిని సొంతంగా ఆపడం ప్రాణాంతకం. రమజాన్ వస్తే వైద్యుణ్ణి సంప్రదించండి. రోగికి దివ్య ఖుర్‌ఆన్ మినహాయింపు ఇచ్చింది.

ఒంటెను కట్టిన తరువాతే అల్లాహ్‌పై భారం వేయాలని దైవప్రవక్త (స) బోధించారు. చికిత్స ఆ తాడు. షిఫా అల్లాహ్ చేతిలోనిది.