మారకపు నష్టము ఎవరి పాలు?

పింఛను ప్రభువుల దయాభిక్ష కాదు; ఉద్యోగి పనిచేసిన కాలమున నిలిపియుంచిన జీతములో నొక భాగము. అది ఒక నాణెమున వసూలై వేరొక నాణెమున చెల్లింపబడునప్పుడు మారకపు నష్టము సంభవించును. ఈ నష్టమును ఏ శాసనమును మాయము చేయజాలదు. ఒకరి నెత్తినుండి దింపి మరియొకరి నెత్తిన పెట్టగలదు. అది ఎవరి నెత్తిన పడినదను ప్రశ్నయే ముఖ్యము.

గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు ప్రాంతముల వారికి మారకపు చిక్కు క్రొత్త కాదు. గద్వాల, వనపర్తి సంస్థానములు ఒకప్పుడు సొంత నాణెములనే ముద్రించుకొనినవి. తరువాత నైజాము రాజ్యమున హాలీ సిక్కా నడిచెను. తుంగభద్ర దాటి కర్నూలు చేరినచో కల్దారు రూపాయి. 6 కల్దారులకు 7 సిక్కాలు సమానము. ఆవలియొడ్డున సరకు కొనినను, వకీలునకు ఫీజు చెల్లించినను షరాబునకు వట్టము ముట్టజెప్పవలసినదే. ఆ వట్టము రైతును వర్తకుడును తామే భరించిరి.

సీమనుండి వచ్చిన సివిలు సర్వీసు దొరల సంగతి వేరు. వారి పింఛను సంవత్సరమునకు 1,000 పౌనులని నిర్ణయింపబడియుండెను. 1870 ప్రాంతమున రూపాయి వెల సుమారు 2 షిల్లింగులు. ఆ లెక్కను ఒక్క పింఛనునకు 10,000 రూపాయలు చాలెను. వెండి ధర పడిపోగా 1892-93లో రూపాయి వెల సుమారు 1 షిల్లింగు 3 పెన్నీలకు దిగెను. అదే పింఛనునకు 16,000 రూపాయలు కావలసివచ్చెను. దొరకు ఒక్క పెన్నీయైనను తగ్గలేదు. పెరిగిన 6,000 రూపాయలు ఈ దేశపు బొక్కసమునుండి, అనగా శిస్తు కట్టు రైతునుండి, పోయెను. అంతటితో నాగక 1893లో, పనిలోనున్న ఐరోపా ఉద్యోగులకు మారకపు పరిహారభృతిని గూడ మంజూరు చేసిరి. సీమలో కుటుంబములను పోషించుకొనువారి మొర అబద్ధము కాదు. కాని ఆ మొర వినిన చెవి రైతు మొర వినలేదు.

స్వాతంత్ర్యానంతరము 1948 జూలైలో జరిగిన ఒడంబడికలో ఈ పింఛనుల భారము తీర్చుటకై మన స్టెర్లింగు నిలువలనుండి కేంద్రము పక్షమున 14 కోట్ల 75 లక్షలు, రాష్ట్రముల పక్షమున 2 కోట్ల 5 లక్షలు, వెరసి 16 కోట్ల 80 లక్షల పౌనులు బ్రిటనునకు ముందుగనే చెల్లింపబడెను. ఆ నిలువలు యుద్ధకాలమున మన ప్రజలు పస్తులుండి కూడబెట్టినవి. అయినను నిష్పక్షపాతముగ నొకమాట చెప్పవలెను. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గింపగా పౌను వెల 13 రూపాయల 33 పైసలనుండి 21 రూపాయలకు పెరిగెను. ముందే పౌనులలో చెల్లించుటచే ఆ దెబ్బ ఈ పద్దునకు తగులలేదు. ప్రభుత్వము తలచినచో రాబోవు నష్టమునకు ముందే కట్ట కట్టవచ్చునని దీనివలన తేలుచున్నది.

ఈ బుద్ధి నేటి ఉద్యోగి విషయమున ఏమైనది? ఉమ్మడి రాష్ట్రమున 2004 సెప్టెంబరు 1 నుండి నియమింపబడినవారికి పాత పింఛను పోయి, వాటా చెల్లించు పద్ధతి వచ్చెను. ఈ మూడు జిల్లాలలోని ఆనాటి తరువాతి బడిపంతులు తన జీతములో నూటికి పదివంతులు నెలనెలయు చెల్లించుచున్నాడు. చివరకు చేతికి వచ్చునది విపణి దయ. నాడు దొరకు మారకపు నష్టము తగులకుండ రైతు అడ్డుపడెను; నేడు విపణి నష్టమునకు పంతులే ఒంటరిగా ఎదురు నిలుచుచున్నాడు.

పింఛను భారమంతయు మరల బొక్కసముమీద వేయుమని మేము కోరుట లేదు; ఆ బొక్కసము నింపువాడు రైతేయని పై చరిత్ర చెప్పుచున్నది. వృద్ధాప్యమున పూటకు లోటులేని కనీసపు పింఛనునకు ప్రభుత్వము పూచీపడవలెను. ఆ పూచీకి అయ్యెడి వ్యయమును ఏటేట బడ్జెటులో దాచక చూపవలెను. నాటి రైతుకు తాను మోయుచున్న బరువెంతయో ఎవరును చెప్పలేదు. నేటి పౌరుడు అడిగి తెలిసికొనవలెను.