బడ్జెట్ ఆగితే పొయ్యి ఆరాలా?

2025 అక్టోబర్ 1న అమెరికా ప్రభుత్వం మూతపడింది. మళ్ళీ తెరుచుకున్నది నవంబర్ 12 రాత్రి. మొత్తం 43 రోజులు. వాషింగ్టన్‌లో వాళ్ళకది రాజకీయం. స్నాప్ కార్డు మీద బతికే ఇళ్ళకు మాత్రం నవంబర్ నెల సరుకులు.

స్నాప్ అంటే మనం ఫుడ్ స్టాంపులు అంటామే, అవే. 2025లో దేశంలో సుమారు 4 కోట్ల 20 లక్షల మందికి, అంటే ఎనిమిది మందిలో ఒకరికి, నెలనెలా ఈబీటీ కార్డులో డబ్బు పడేది. మనిషికి సగటున 190 డాలర్లకు అటూ ఇటూ. అందుకునేవాళ్ళలో పదికి దాదాపు నలుగురు పిల్లలే. అర్హత ఉన్నవాళ్ళందరికీ ఇవ్వాలని చట్టం ఉంది. కానీ డబ్బు మాత్రం కాంగ్రెస్ ఏటా మంజూరు చెయ్యాలి. మన ఊళ్ళో డీలర్ వారం ఆలస్యంగా షాపు తీసినా బియ్యం గోదాములో ఉంటాయి. ఇక్కడ కార్డులో డబ్బు పడకపోతే అంతే సంగతి.

ఏం జరిగిందో చూడండి. అత్యవసర నిధి ఉన్నా, దాన్ని వాడటానికి వీల్లేదంది ప్రభుత్వం. అక్టోబర్ 31న రోడ్ ఐలాండ్‌లో ఒకరు, మసాచుసెట్స్‌లో ఒకరు, ఇద్దరు ఫెడరల్ జడ్జీలు ఆ మాట ఒప్పుకోలేదు. అప్పుడు కొంతే ఇస్తామన్నారు. మొత్తం ఇవ్వాలని నవంబర్ 6న జడ్జి ఆదేశిస్తే, మర్నాడే సుప్రీంకోర్టులో దానికి తాత్కాలికంగా బ్రేకు పడింది. కొన్ని రాష్ట్రాల్లో డబ్బు పడింది, కొన్నిట్లో పడలేదు. పిల్లల ఆకలికి కోర్టు వాయిదాలు తెలుస్తాయా?

మనకేం సంబంధం అనుకోకండి. పని వీసా మీద ఉన్నవాళ్ళకు స్నాప్ రాదు, నిజమే. గ్రీన్ కార్డు వచ్చిన పెద్దవాళ్ళు చాలామంది అయిదేళ్ళు ఆగాలి. కానీ మీ పిల్లలు ఇక్కడి పౌరులైతే, ఆదాయం తక్కువైతే, వాళ్ళ కోసం మీరు దరఖాస్తు పెట్టొచ్చు.

ఇంకో సంగతి. ప్రభుత్వ ఉద్యోగికి జీతం ఆగితే, ఆ ఇంట్లో పిల్లల్ని చూసుకునే అక్కకు "ఈ వారం రావద్దు" అని ఫోన్ వస్తుంది. ఆగిన జీతం తర్వాత ఇవ్వాలని ఉద్యోగుల కోసం 2019లో చట్టం చేశారు. ఆ అక్కకు పోయిన రోజుల కూలి ఎవరిస్తారు? సర్కారు కాంట్రాక్టు ఆగి సైటు నుంచి వెనక్కొచ్చిన అన్నకు ఎవరిస్తారు?

"పని చెయ్యనోళ్ళకు ఊరికే ఎందుకు పెట్టాలి?" అని మనవాళ్ళలోనే కొందరంటారు. ఆ కార్డు వాడేవాళ్ళలో హోటళ్ళలో గిన్నెలు తోమేవాళ్ళు, షాపుల్లో రోజంతా నిలబడేవాళ్ళు, ముసలివాళ్ళకు సేవ చేసేవాళ్ళు ఎంతోమంది. పని ఉంది, కూలి చాలదు. ఆ లోటు పూడ్చేది ఈ కార్డే. అంటే ఈ సాయం కూలివాడికే కాదు, తక్కువ జీతమిచ్చే యజమానికి కూడా అందుతోంది.

నేననేది ఒక్కటే. తిండి డబ్బును బడ్జెట్ గొడవల్లోంచి బయటికి తియ్యాలి. ఆ 43 రోజులూ సోషల్ సెక్యూరిటీ డబ్బు ఆగలేదు, ఎందుకంటే దానికి ఏటా మంజూరు అక్కర్లేదు. స్నాప్‌కూ అలాంటి ఏర్పాటే చెయ్యొచ్చు. నవంబర్‌లో చేసిన చట్టం స్నాప్‌కు డబ్బిచ్చింది 2026 సెప్టెంబర్ 30 వరకే. ఏటా ఇదే గండం ఎందుకు?

మీ ప్రాంత కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు ఫోన్ చేసి ఈ మాట చెప్పండి. ఓటు లేకపోయినా చెప్పొచ్చు. పనిలో చేరేటప్పుడే, ఉన్నట్టుండి రావద్దంటే ఎన్ని రోజుల కూలి ఇస్తారో కాగితం మీద రాయించుకోండి. కార్డు ఉన్నవాళ్ళు, షట్‌డౌన్ వచ్చినా రెన్యువల్ కాగితాలు గడువులోపే పంపండి. ఇంట్లో సరుకులు నిండుకుంటే 211కు ఫోన్ చేసి దగ్గర్లో ఫుడ్ బ్యాంక్ ఎక్కడుందో కనుక్కోండి. గురుద్వారాలో ఎవరికైనా భోజనం పెడతారు, పేరూ కులమూ అడగరు. వెళ్ళడానికి మొహమాటపడకండి. ఒళ్ళు వంచి పనిచేసే మనిషి ఇంట్లో పస్తు ఉండాల్సి వస్తే, సిగ్గుపడాల్సింది ఆ మనిషి కాదు.